పొగలోంచి కార్బన్‌ను పట్టే ద్రావణం: ఖర్చంతా విడిపించే దగ్గరే

కాకినాడలోని నాగార్జున ఎరువుల కర్మాగారంలో 2009లో ఒక యూనిట్ మొదలైంది. సహజవాయువును మండించే రిఫార్మర్ కొలిమి నుంచి వచ్చే పొగలోంచి రోజుకు 450 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేయడం దాని పని. టెక్నాలజీ జపాన్‌కు చెందిన మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్‌ది. అంతకు మూడేళ్ల ముందే, 2006లో, ఉత్తరప్రదేశ్‌లోని ఇఫ్కో ఆవ్లా, ఫూల్‌పూర్ ఫ్యాక్టరీల్లో ఇదే సామర్థ్యంతో ఇలాంటి యూనిట్లు వచ్చాయి. వీటిని వాతావరణం కోసం పెట్టలేదు. యూరియా తయారీకి అమ్మోనియాతో పాటు కార్బన్ డయాక్సైడ్ కావాలి. సహజవాయువుతో అమ్మోనియా చేసే చోట, ఆ అమ్మోనియా మొత్తాన్నీ యూరియాగా మార్చడానికి సరిపడా కార్బన్ డయాక్సైడ్ పుట్టదు. పడిన లోటును కొలిమి పొగలోంచి పూడ్చుకున్నారు. ఆ యూరియా పొలంలో చల్లాక, తేమ తగిలి కరిగినప్పుడు, అందులో ఇమిడిన వాయువు మళ్లీ గాల్లోకే పోతుంది. అది వేరే సంగతి.

పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే విద్య తెలుగు నేలకు ఇలా ఎప్పుడో వచ్చేసింది. ప్రపంచంలో అయితే మరీ పాతది. ఆమ్ల వాయువులను ఎమీన్ (అమ్మోనియా జాతికి చెందిన క్షార రసాయనం) ద్రావణంతో వేరుచేసే పద్ధతికి రాబర్ట్ బాటమ్స్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్తకు 1930లోనే పేటెంట్ వచ్చింది. భూమిలోంచి వచ్చే సహజవాయువును శుద్ధి చేయడానికి దశాబ్దాలుగా అదే వాడుతున్నారు. అయినా బొగ్గు విద్యుత్ కేంద్రాల ప్రస్తావన రాగానే చర్చ రెండు కొసలకు వెళ్లిపోతుంది. ఇది ఇంకా ప్రయోగశాల దాటలేదని కొందరు, పొగగొట్టానికి తగిలిస్తే చాలు బొగ్గు శుభ్రమైపోతుందని మరికొందరు. రెండు మాటలూ నిలవవు. ఈ పద్ధతి పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. అయితే దానికయ్యే ఖర్చు చాలామంది అనుకునే చోట పడదు. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవడం దాదాపు ఉచితం. పట్టుకున్నదాన్ని ద్రావణం చేత వదిలించడమే ఖరీదు. అంతకు ముందు పొగను కడగడం, ఆ తర్వాత వాయువుకు చోటు చూపించడం కూడా ఖరీదే.

ముందు పరిమాణం ఎంతో చూడాలి. 500 మెగావాట్ల బొగ్గు యూనిట్ పూర్తి లోడు మీద నడిస్తే గంటకు సుమారు 475 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. కాకినాడ యూనిట్ రోజంతా పట్టింది ఈ యూనిట్‌కు గంటసేపటి పొగ. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్‌లో ఎన్‌టీపీసీ 2022లో ప్రారంభించిన ప్లాంటు సామర్థ్యం రోజుకు 20 టన్నులు. దాన్ని తగిలించింది 500 మెగావాట్ల యూనిట్‌కే. ఆ యూనిట్ రెండున్నర నిమిషాల్లో వదిలేదానికి అది సమానం. వింధ్యాచల్ ప్రయోగాన్ని తక్కువ చేయనక్కర్లేదు. మన బొగ్గు, మన బూడిద, మన ఎండల మధ్య ఎమీన్ ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడానికి అలాంటివి కావాల్సిందే. కానీ దాన్ని చూపి బొగ్గు సమస్య తీరిపోయిందనడం మాత్రం జనాన్ని తప్పుదారి పట్టించడమే.

ద్రావణం చేసే పని

గోళీ సోడాలో గ్యాసు నీళ్లలో కరిగి ఉండటానికి కారణం సీసాలోని ఒత్తిడి. గోళీ నొక్కగానే బుసబుసమని బయటికి వచ్చేస్తుంది. విద్యుత్ కేంద్రం పొగకు అలాంటి ఒత్తిడి ఉండదు. అది మామూలు వాతావరణ పీడనంలోనే బయటికొస్తుంది. పైగా బొగ్గు పొగలో కార్బన్ డయాక్సైడ్ వంతు 12 నుంచి 14 శాతమే, మిగతాది ఎక్కువగా నైట్రోజన్. గ్యాస్ టర్బైన్ పొగలోనైతే 3, 4 శాతానికి మించదు. ఇంత పల్చగా ఉన్నదాన్ని ఉత్త నీటితో పట్టాలంటే నదులకు నదులు పారించాలి. అందుకే ఆమ్ల గుణమున్న ఈ వాయువుతో వెంటనే చర్య జరిపే క్షార పదార్థాన్ని నీటిలో కలుపుతారు. ఎక్కువ వాడకంలో ఉన్నది మోనోఇథనాలమీన్ అనే ఎమీన్, పొట్టిగా ఎంఈఏ. బరువులో 30 శాతం ఎంఈఏ, 70 శాతం నీరు. ఈ రంగంలో మిగతా ద్రావణాలన్నిటినీ దీనితోనే పోల్చి చూస్తారు.

బాయిలర్ నుంచి వచ్చిన పొగలో మొదట బూడిద తీసేసి, గంధకం కడిగేసి, 40 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. తర్వాత అబ్జార్బర్ అనే ఎత్తైన టవరులోకి కిందినుంచి పంపుతారు. లోపల ముడతలు పెట్టిన పల్చటి లోహపు రేకులు దొంతరలుగా పేర్చి ఉంటాయి. పైనుంచి జారే ద్రావణం ఆ రేకుల మీద సన్నటి పొరగా పరుచుకుంటుంది. పైకెక్కే పొగ, కిందికి జారే ద్రావణం ఎదురెదురుగా ఒరుసుకుంటూ పోతాయి. టవరు దాటేసరికి పొగలోని కార్బన్ డయాక్సైడ్‌లో 90 శాతం ద్రావణంలోకి చేరిపోతుంది. ఇక్కడ బయటినుంచి పెద్దగా శక్తి ఇవ్వాల్సిన పని లేదు. చర్యలో వేడి దానంతటదే పుడుతుంది. పొగను తోయడానికి ఒక బ్లోయరు, ద్రావణాన్ని ఎత్తడానికి పంపులు ఉంటే సరిపోతుంది.

అసలు పని రెండో టవరులో ఉంటుంది. దాని పేరు స్ట్రిప్పర్. వాయువును నింపుకున్న ద్రావణాన్ని దానిలోకి పంపి, అడుగున రీబాయిలర్‌లో ఆవిరితో 120 డిగ్రీల దాకా మరిగిస్తారు. అప్పుడు ఎమీన్‌కూ కార్బన్ డయాక్సైడ్‌కూ మధ్య ఉన్న బంధం తెగి, వాయువు దాదాపు శుద్ధంగా పైకి వస్తుంది. ఖాళీ అయిన ద్రావణం చల్లబడి మళ్లీ మొదటి టవరు పైకి చేరుతుంది. ఈ చక్రం రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉండాలి.

ఆ మరిగించడం ఎంత భారమో చిన్న లెక్క చెబుతుంది. ఎంఈఏ అణువులు రెండు కలిస్తేగాని ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు గట్టిగా చిక్కదు. స్ట్రిప్పర్‌లో ద్రావణం పూర్తిగా ఖాళీ అవదు, పట్టినదాంట్లో సగం దానిలోనే ఉండిపోతుంది. ఈ రెండూ కలిపి చూస్తే కిలో ద్రావణం ఒక చుట్టులో మోసుకొచ్చేది 50, 60 గ్రాముల వాయువే. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తీయాలంటే 18 టన్నుల దాకా ద్రావణాన్ని తిప్పాలి, వేడెక్కించాలి, మళ్లీ చల్లార్చాలి. అందులో 70 శాతం దాకా నీరే. నీటిని వేడిచేయడం ఎంత దండగ పనో వేరే చెప్పాలా? లోపలికి పోయే చల్లటి ద్రావణానికి బయటికొచ్చే వేడి ద్రావణం నుంచి వేడిని అందించే ఎక్స్‌ఛేంజర్లు కొంత ఆదా చేస్తాయి. అయినా ఎంఈఏతో టన్ను వాయువుకు 3.5 నుంచి 4 గిగాజౌళ్ల ఉష్ణం కావాలి.

500 మెగావాట్ల యూనిట్‌కు ఇదే లెక్క వేస్తే గంటకు దాదాపు 430 టన్నుల వాయువును విడిపించాలి. టన్నుకు 3.6 గిగాజౌళ్ల చొప్పున 430 మెగావాట్ల ఉష్ణం అవసరం. ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పాల్సిన ఆవిరే. దాన్ని మధ్య పీడన, అల్ప పీడన టర్బైన్‌ల మధ్య గొట్టంలోంచి మళ్లిస్తారు. అప్పటికే దానిలో కొంత శక్తి ఖర్చయి ఉంటుంది కాబట్టి కోల్పోయే కరెంటు 430 మెగావాట్లు ఉండదు, 90 నుంచి 100 మెగావాట్ల మధ్య ఉంటుంది. విడుదలైన వాయువును పైపులో పంపడానికి 100 వాతావరణాలకు పైగా ఒత్తిడికి బిగించాలి, దానికి ఇంకో 40 మెగావాట్లు. బ్లోయర్లు, పంపులకు మరికొంత. మొత్తం మీద 500లో 145 మెగావాట్లు ఈ యంత్రాంగమే మింగేస్తుంది.

ఇక్కడొక విషయాన్ని గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే ప్రచార పత్రాల్లో ఇది కనిపించదు. పట్టిన టన్నులు వేరు, తగ్గిన టన్నులు వేరు. పోయిన 145 మెగావాట్లను ఇంకో బొగ్గు కేంద్రం నుంచి తెచ్చుకుంటే అది గంటకు 138 టన్నుల వాయువు వదులుతుంది. అంటే 430 టన్నులు పట్టామని చెప్పుకున్న చోట నిజంగా తగ్గింది 290 టన్నులే. అదనంగా తవ్వాల్సిన బొగ్గు, పారబోయాల్సిన బూడిద ఈ లెక్కలోకి ఇంకా రానే లేదు. ఒక టన్నుకు ఇంత ఖర్చని ఎవరైనా చెబితే అది ఏ టన్నో అడగాల్సిన బాధ్యత విద్యుత్ నియంత్రణ మండలుల మీద ఉంది.

కొత్త ద్రావణాల వేట

ఈ వేడిని తగ్గించడానికే రసాయన శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా కుస్తీ పడుతున్నారు. తృతీయ ఎమీన్ల రకం వేరు. అవి కార్బన్ డయాక్సైడ్‌ను బైకార్బనేట్ రూపంలో పట్టుకుంటాయి, ఒక అణువుకు ఒక అణువు చొప్పున. బంధం బలహీనం కాబట్టి తక్కువ వేడికే వదిలేస్తాయి. కానీ పట్టుకోవడంలో నత్తనడక. నెమ్మదిగా పట్టేదానికి టవరు ఎత్తు పెంచాలి, రేకులు ఎక్కువ పేర్చాలి, పెట్టుబడి పెరుగుతుంది. అందుకని పిపరజీన్ లాంటి చురుకైన పదార్థాన్ని కొద్దిగా కలిపి వేగం పెంచుతారు. గట్టిగా, త్వరగా పట్టేది తేలిగ్గా వదలదు. తేలిగ్గా వదిలేది త్వరగా పట్టదు. ఈ రెండిటి మధ్య రాజీ కుదర్చడమే ద్రావణాల పరిశోధన అంతా. ఇవాళ మంచి వాణిజ్య ద్రావణాలు టన్నుకు 2.5 గిగాజౌళ్ల దాకా దిగాయి. దానితో 145 మెగావాట్ల నష్టం 115 దగ్గరికి వస్తుంది. పెద్ద మెరుగుదలే. అయితే ఇది ఎంతకైనా దిగుతూ పోయేది కాదు. పల్చటి పొగలోంచి వాయువును వేరుచేసి బిగించడానికి భౌతిక శాస్త్రం విధించే కనీస మూల్యం టన్నుకు సుమారు 110 యూనిట్ల కరెంటు. ఏ ద్రావణం వచ్చినా దానికంటే కిందికి పోలేదు.

ఈ రంగంలో భారతీయుల పాత్ర చిన్నదేమీ కాదు. ఐఐటీ ఖరగ్‌పూర్ పూర్వ విద్యార్థులు స్థాపించిన కార్బన్ క్లీన్ సంస్థ ద్రావణంతో తూత్తుకుడి ఆల్కలీ కెమికల్స్‌లో 2016లో ఒక ప్లాంటు మొదలైంది. బొగ్గు బాయిలర్ పొగలోంచి ఏడాదికి 60 వేల టన్నులు పట్టి సోడా యాష్ తయారీలో వాడేలా దాన్ని రూపొందించారు. అక్కడా కాకినాడ సూత్రమే, పట్టిన వాయువుకు పక్కనే కొనేవాడున్నాడు.

ఎస్టెవన్, హ్యూస్టన్ చెప్పే సంగతులు

పూర్తి స్థాయిలో ఒక బొగ్గు యూనిట్‌కు ఈ యంత్రాంగాన్ని మొదట తగిలించింది కెనడాలోని సస్కాచ్‌వాన్ రాష్ట్రం. ఎస్టెవన్ పట్టణం దగ్గరి బౌండరీ డ్యామ్ కేంద్రంలో మూడో యూనిట్ 2014 అక్టోబరులో మొదలైంది. ప్రభుత్వ సంస్థ సస్క్‌పవర్ యూనిట్ ఆధునికీకరణతో కలిపి 150 కోట్ల కెనడా డాలర్ల దాకా ఖర్చు పెట్టింది. లిగ్నైట్ మండించే ఆ యూనిట్ నుంచి గ్రిడ్‌కు అందేది 115 మెగావాట్లు. షెల్ కాన్సాల్వ్ ద్రావణాలతో గంధకాన్నీ కార్బన్ డయాక్సైడ్‌నూ వేర్వేరు టవర్లలో పట్టి, ఏడాదికి 10 లక్షల టన్నులు వేరుచేయాలన్నది లక్ష్యం. మొదటి ఏడాది పట్టింది 4 లక్షల టన్నుల చిల్లర.

అలా కావడానికి కారణం రసాయన సూత్రంలో తప్పు కాదు. ఫిల్టర్లను దాటి వచ్చిన సన్నటి బూడిద ద్రావణంలో కలిసింది. బూడిదలోని లోహాలు ఎమీన్ కుళ్లిపోవడాన్ని తొందరపెట్టాయి. ద్రావణం నురగలు కక్కింది. ఎక్స్‌ఛేంజర్ల సన్నటి సందులు పూడుకుపోయాయి. ఒక ఎక్స్‌ఛేంజర్‌ను శుభ్రం చేయాలంటే మొత్తం ప్లాంటునే ఆపాల్సి వచ్చేది, ఎందుకంటే స్పేరు పెట్టలేదు. 2017లో అదనపు ఎక్స్‌ఛేంజర్లు, విడిగా మూసేసుకునే వాల్వులు, బూడిదను కడిగే స్ప్రేలు పెట్టాక పరిస్థితి మెరుగైంది. 2021లో కంప్రెసర్ చెడి మళ్లీ నెలల తరబడి ఆగింది. 2023 నాటికి మొత్తం 50 లక్షల టన్నులు పట్టామని సంస్థ ప్రకటించింది. ఎనిమిదిన్నరేళ్లలో 50 లక్షలంటే అనుకున్నదాంట్లో 60 శాతం. అదే ఆవరణలోని నాలుగు, ఐదు యూనిట్లకు ఇది వద్దని 2018లోనే నిర్ణయించారు. మన బొగ్గులో బూడిద 35 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. రామగుండంలోనో పాల్వంచలోనో ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్లు ముందుగా చదవాల్సింది ఎస్టెవన్ ఇంజినీర్ల మెయింటెనెన్స్ అనుభవాన్ని.

రెండోది అమెరికాలోని పెట్రా నోవా. హ్యూస్టన్‌కు నైరుతిన థాంప్సన్స్ దగ్గరి డబ్ల్యూఏ ప్యారిష్ కేంద్రంలో, 240 మెగావాట్లకు సమానమైన పొగ నుంచి ఏడాదికి 14 లక్షల టన్నులు పట్టేలా కట్టారు. ఖర్చు సుమారు 100 కోట్ల డాలర్లు. 2017 జనవరిలో మొదలైంది. కాకినాడలో పెట్టిన టెక్నాలజీయే ఇక్కడా, మిత్సుబిషి జపాన్ విద్యుత్ సంస్థ కాన్సాయ్ ఎలక్ట్రిక్‌తో కలిసి రూపొందించినది. బొగ్గు యూనిట్ ఆవిరిని ముట్టుకోకుండా, పక్కనే 75 మెగావాట్ల గ్యాస్ టర్బైన్ ఒకటి కట్టి దాని వేడితో ద్రావణాన్ని మరిగించారు. దాంతో బొగ్గు యూనిట్ సామర్థ్యం తగ్గలేదు. కానీ ఆ గ్యాస్ టర్బైన్ వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను ఎవరూ పట్టలేదు.

పెట్రా నోవా సాంకేతికంగా బాగానే నడిచింది. మొదటి మూడేళ్లలో లక్ష్యానికి 17 శాతం తక్కువ పట్టింది, అందులో కొంత తప్పు అనుబంధ యంత్రాలది. దాన్ని ఆపింది ద్రావణం కాదు, ముడి చమురు ధర. పట్టిన వాయువును 130 కిలోమీటర్ల దూరంలోని వెస్ట్ రాంచ్ చమురు క్షేత్రానికి పంపి, భూమిలోకి ఎక్కించి, మిగిలిన చమురును బయటికి నెట్టేవారు. 2020లో కోవిడ్‌తో చమురు ధర కూలింది. మే నెలలో ప్లాంటు ఆగిపోయింది. సగం వాటా ఉన్న ఎన్‌ఆర్‌జీ సంస్థ 2022లో ఆ వాటాను 36 లక్షల డాలర్లకే జపాన్ భాగస్వామికి అమ్మేసింది. 100 కోట్ల ప్రాజెక్టులో సగానికి దక్కిన విలువ అది. 2023 సెప్టెంబరులో ప్లాంటు మళ్లీ మొదలైంది. ఈలోగా అమెరికా ప్రభుత్వం భూమిలో నిల్వచేసిన ప్రతి టన్నుకూ 85 డాలర్ల దాకా పన్ను రాయితీ పెంచింది. ఎవరో ఒకరు టన్నుకు డబ్బు కట్టకపోతే ఈ టవర్లు నిలిచిపోతాయి. కట్టేది ఎరువుల ఫ్యాక్టరీ కావచ్చు, చమురు కంపెనీ కావచ్చు, ఖజానా కావచ్చు.

గంధకం దగ్గర చిక్కుముడి

మన దేశానికి సంబంధించి అన్నిటికంటే ముఖ్యమైనది, అన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చేది సల్ఫర్ డయాక్సైడ్ సంగతి. కార్బన్ డయాక్సైడ్ కంటే అది బలమైన ఆమ్ల వాయువు. ఎమీన్‌కు తగిలిందంటే పెట్టుకున్న బంధాన్ని స్ట్రిప్పర్ వేడికి తెంచుకోదు. వేడికి లొంగని లవణంగా మారి అలాగే ఉండిపోతుంది. అంత మేరకు ఖరీదైన ద్రావణం చచ్చిపోయినట్టే. అందుకే అబ్జార్బర్‌లోకి వెళ్లే పొగలో సల్ఫర్ డయాక్సైడ్ 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది) కంటే తక్కువ ఉండాలని ద్రావణం తయారీదార్లు షరతు పెడతారు. ఘనపు మీటరుకు 30 మిల్లీగ్రాముల లోపు అన్నమాట.

మన కేంద్రాల పొగలో అది వందల మిల్లీగ్రాముల్లో ఉంటుంది, చాలాచోట్ల వెయ్యి దాటుతుంది. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనలు, 2003 నుంచి 2016 దాకా కట్టిన 500 మెగావాట్లు, ఆపై యూనిట్లకు 200 మిల్లీగ్రాముల హద్దు పెట్టాయి. దాన్ని అందుకోవడానికి సున్నపురాతితో పొగను కడిగే ఎఫ్‌జీడీ యంత్రాలు బిగించాలన్నారు. గడువులు ఒకదాని తర్వాత ఒకటి పొడిగిస్తూ వచ్చి, చివరికి 2025 జులైలో పర్యావరణ శాఖ దేశంలోని థర్మల్ యూనిట్లలో అత్యధిక భాగాన్ని ఆ బాధ్యత నుంచి మినహాయించింది. మన బొగ్గులో గంధకం తక్కువ, చుట్టుపక్కల గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితుల్లోనే ఉంది అన్నవి ఆ నిర్ణయానికి చూపిన కారణాల్లో ముఖ్యమైనవి.

గాలి నాణ్యత కోణంలో ఆ నిర్ణయం మంచిచెడ్డల మీద వాదోపవాదాలు ఉన్నాయి. ఎమీన్ కోణంలో మాత్రం వాదానికి తావు లేదు. గంధకం తక్కువున్న బొగ్గు పొగ కూడా ద్రావణానికి విషమే. పాత 200 మిల్లీగ్రాముల హద్దును పాటించినా అది 70 పీపీఎం, అంటే కావాల్సిన దానికి ఏడు రెట్లు. ఎఫ్‌జీడీ లేకుండా కార్బన్ పట్టే టవరు కట్టడం కుదరదు. ఒకవైపు ఎఫ్‌జీడీ అక్కర్లేదంటూ, మరోవైపు రాబోయే దశాబ్దాల్లో కార్బన్‌ను పట్టి బొగ్గును కొనసాగిస్తామనే మాట పొసగదు. రెండింట్లో ఏదో ఒకటి నిజం కావాలి. పట్టే ఉద్దేశం నిజంగా ఉంటే ఏ యూనిట్లకు పెడతారో ఇప్పుడే గుర్తించి, కనీసం వాటికైనా ఎఫ్‌జీడీని, ఆపైన ఇంకో దశ గంధక శుద్ధిని తప్పనిసరి చేయాలి. లేదంటే ఆ మాటను ప్రణాళికల్లోంచి తీసేయాలి.

ద్రావణం చావుకు గంధకం ఒక్కటే కారణం కాదు. పొగలోని ఆక్సిజన్, స్ట్రిప్పర్ వేడి కూడా దాన్ని నెమ్మదిగా విరగ్గొడతాయి. ఎంఈఏ అయితే పట్టిన ప్రతి టన్నుకూ ఒకటి, రెండు కిలోలు తరుగు పోతుంది. 500 మెగావాట్ల యూనిట్‌కు రోజుకు 15 టన్నుల కొత్త రసాయనం నింపాలి. విరిగిన ముక్కల్ని వేరుచేస్తే మిగిలే చిక్కటి మడ్డి ప్రమాదకర వ్యర్థం. కొంత ఎమీన్ శుద్ధమైన పొగతో పాటు పైకి ఎగిరిపోతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి అది నైట్రోసమీన్లుగా మారగలదు. వీటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. నార్వే దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. అక్కడి ప్రజారోగ్య సంస్థ గాలిలో ఇలాంటి పదార్థాలన్నీ కలిపి ఘనపు మీటరుకు 0.3 నానోగ్రాములు దాటకూడదని సూచించింది. మాంగ్‌స్టాడ్‌లో 2012లో పెద్ద పరీక్షా కేంద్రం తెరిచారు. పూర్తి స్థాయి ప్లాంటు మాత్రం ఈ భయాలతో ఆలస్యమై, ఖర్చులు కూడా తోడై, 2013లో రద్దయింది. పొగగొట్టం పైన నీటితో, ఆమ్లంతో కడిగే దశలు పెడితే ఈ ఉద్గారాలు బాగా తగ్గుతాయని అక్కడి పరీక్షలే చూపించాయి. ఊళ్లను ఆనుకుని ఉన్న మన కేంద్రాలకు ఆ దశలు, ఆ కొలతలు లేకుండా అనుమతి ఇవ్వకూడదు.

నీటి అవసరమూ తక్కువేం కాదు. పొగను చల్లార్చాలి, ద్రావణాన్ని చల్లార్చాలి, బిగించిన వాయువునూ చల్లార్చాలి. వానలు తక్కువ పడే కడప జిల్లాలోని ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం) లాంటి చోట్ల ఈ ఒక్క కారణంతోనే ప్రతిపాదన ఆగిపోవచ్చు.

ఎక్కడ తగును

కరెంటుకు ప్రత్యామ్నాయాలున్నాయి. సౌర విద్యుత్, పవన విద్యుత్, నిల్వ బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజీ, అణువిద్యుత్ ఏవీ లోపం లేనివి కావు గాని, ఉన్నాయి. పాతబడిన బొగ్గు యూనిట్‌కు కొత్త యూనిట్ కట్టినంత ఖర్చుతో టవర్లు తగిలించి, ఉన్న కరెంటులో నాలుగో వంతు వాటికే పోయేకంటే ఆ డబ్బుతో బొగ్గు వాడకాన్నే తగ్గించుకోవడం చాలాచోట్ల మేలు. కొత్తగా కట్టిన, ఇంకా 30 ఏళ్లు నడవాల్సిన, ఎఫ్‌జీడీ ఉన్న, నిల్వ చోటుకు దగ్గరగా ఉన్న యూనిట్లు కొన్నిటికి మాత్రం లెక్క కుదరొచ్చు. చైనా తైచౌలో 2023లో ఏడాదికి 5 లక్షల టన్నుల ప్లాంటును నడపడం మొదలుపెట్టింది అలాంటి ఆలోచనతోనే.

సిమెంటు సంగతి వేరు. సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీ ఉద్గారాల్లో సుమారు 60 శాతం అదే. కొలిమిని సౌర విద్యుత్‌తో వేడిచేసినా అది ఆగదు. పైగా బొగ్గు పొగ కంటే కొలిమి పొగ చిక్కన. నార్వేలోని బ్రెవిక్‌లో హైడెల్‌బర్గ్ మెటీరియల్స్ సిమెంటు ఫ్యాక్టరీ 2025 జూన్‌లో ఎమీన్ ప్లాంటును ప్రారంభించింది. ఏడాదికి 4 లక్షల టన్నులు, ఫ్యాక్టరీ ఉద్గారాల్లో సగం. ద్రావణాన్ని మరిగించడానికి కొలిమి నుంచి వృథాగా పోయే వేడినే వాడుతున్నారు, మిగతా సగానికి ఆ వేడి చాలదు. ఎక్కువ ఖర్చు నార్వే ప్రభుత్వమే భరించింది. మేళ్లచెరువు, మఠంపల్లి, జగ్గయ్యపేట, తాండూరు, ఎర్రగుంట్ల, తాడిపత్రి పేర్లు వినగానే సిమెంటు గుర్తొచ్చే రాష్ట్రాలు మనవి. ద్రావణం మీద పెట్టే పరిశోధన డబ్బు మొదట వెళ్లాల్సింది ఆ కొలిమిల దగ్గరికి.

పట్టినదాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకా తేలలేదు. బ్రెవిక్ వాయువు ఓడలెక్కి ఉత్తర సముద్రం అడుగున 2,600 మీటర్ల లోతుకు చేరుతుంది. మన దగ్గర రెండు అవకాశాలు చెబుతారు. ఒకటి వికారాబాద్, ఆదిలాబాద్ వైపు దాకా పరుచుకున్న దక్కన్ బసాల్ట్ రాయి. ఐస్‌లాండ్‌లో ఇలాంటి రాయిలోకి 2012లో ఎక్కించిన వాయువులో 95 శాతం రెండేళ్లలోపే గట్టి ఖనిజంగా మారిపోయింది. కానీ ఆ పద్ధతిలో టన్ను వాయువును కరిగించడానికి 25 టన్నుల నీరు కావాలి, దక్కన్ పీఠభూమి మీద అది చిన్న కోరిక కాదు. రెండోది కృష్ణా గోదావరి బేసిన్‌లోని ఉప్పునీటి ఇసుకరాతి పొరలు, చమురు, గ్యాసు తీసేయగా మిగిలిన క్షేత్రాలు. దశాబ్దాల డ్రిల్లింగ్‌తో ఆ పొరల గురించి సమాచారం ఉంది, ఓఎన్‌జీసీకి అనుభవం ఉంది. శాస్త్రం ప్రకారం ఇదే దగ్గరి దారి.

అయితే రామగుండం నుంచి కోనసీమకు 300 కిలోమీటర్లకు పైగా పైపు వేయాలి. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా కాలి చనిపోయిన ప్రాంతం అది. కార్బన్ డయాక్సైడ్ మండదు, కానీ గాలి కంటే బరువు. రంగు, వాసన లేకుండా పల్లానికి పాకి ఊపిరాడనివ్వదు. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో సటార్షియా అనే చిన్న ఊరి దగ్గర అలాంటి పైపు పగిలి 45 మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆక్సిజన్ చాలక కార్ల ఇంజిన్లు ఆగిపోయి కొందరు పారిపోలేకపోయారు. గోదావరి డెల్టా నేల పల్లం, ఊళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అందువల్ల నిల్వ పొరల మ్యాపు గీసేటప్పుడే పైపు దారిలో ఏయే ఊళ్లున్నాయో, పైపు పగిలితే వాళ్లకు ఎన్ని నిమిషాల్లో కబురందుతుందో కూడా గీయాలి. ఆ వివరాలతో గ్రామసభల ముందుకు వెళ్లాల్సింది అబ్జార్బర్ టవరుకు టెండరు పిలవకముందే.